బీదల కాగితంలో మా దొరగారు

సూది వెయ్యడం, కట్టు కట్టడం, రోగిని కదపకుండా దుప్పటి మార్చడం మీకు బడిలో నేర్పే ఉంటారు. వాటి గురించి రాయను. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించీ రాయను. వచ్చింది ఒక్కటే, దానివల్ల తెల్ల టోపీకి ఒక నల్ల గీత పెరిగింది తప్ప ఒరిగిందేమీ లేదు. మొన్న మా ఆస్పత్రిలో కొత్తగా చేరిన ఇద్దరు నర్సు పిల్లలు వచ్చి, "అమ్మా, ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైంది ఏది?" అని అడిగారు. కాన్పులు అంటాననుకున్నట్టున్నారు. "చేపలు పుచ్చుకోవడం" అన్నాను. ముసలిదానికి మతి పోయిందని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అందుకే ఈ నాలుగు కాగితాలు.

ఇసకలో పది మంచాలు

మాది కోవూరు పక్క పల్లె. మా అమ్మ కోతలయ్యాక పొలాల్లో పరిగె ఏరుకుని నన్ను పెంచిన మనిషి. ఇంకొకరి చేలో రాలిన గింజ కోసం వంగిన ఆ నడుమును చూస్తూ పెరిగాను కనుక, నేను ఎవరి ముందూ చెయ్యి చాపగూడదని ఒట్టు పెట్టుకుని నర్సునయ్యాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీంతో చివర పని పడుతుంది.

యాభైల చివర్లో నన్ను వాకాడుకు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న మిషను ఆస్పత్రికి పంపారు. ఆస్పత్రి అంటే పది మంచాలు, ఒక ఆపరేషను గది, ఎంత ఊడ్చినా తరగని ఇసక. పక్కనే బంగళా. దాన్ని బంగళా అని మర్యాదకు అనేవాళ్ళం. వాన పడితే లోపల ఆరు గిన్నెలు పెట్టాల్సి వచ్చేది. అందులో విల్బర్ దొరగారు, ఆయన భార్య ఎడ్నా దొరసానిగారు, ఆరేళ్ళ కూతురు రూతు ఉండేవాళ్ళు. దొరగారు మంచి డాక్టరు. తెలుగు మాత్రం బైబిలు చదివి నేర్చుకున్నారు. పొట్టనొప్పితో వచ్చినవాణ్ణి "నీ ఉదరమందు బాధ ఎప్పటినుండి కలిగియున్నది?" అని అడిగేవారు. వాడికి జబ్బు సగం భయంతోనే తగ్గేది. రూతు నేర్చుకుంది మాత్రం పక్కనున్న చేపలవాళ్ళ పాలెం తెలుగు. ఆ పిల్ల నోట వచ్చే తిట్లకు అర్థం చెప్పమని దొరసానిగారు నన్ను అడిగినప్పుడల్లా నాకు దగ్గు వచ్చేది.

ఏడాదికి రెండుసార్లు వాళ్ళ దేశం నుంచి పెట్టెలు దిగేవి. మందులూ పాలపొడీ వచ్చేవి, ఆ మేలు మరువలేం. వాటితోపాటు ఆ తల్లులు ప్రేమగా ఇంకేవేవో పంపేవాళ్ళు. ఒకసారి పెట్టె నిండా మంచు మీద జారే బూట్లు వచ్చాయి, అడుగున కత్తుల్లాంటి ఇనప పట్టీలతో. వంటాయన యేసుదాసు ఒక పట్టీని ఊడదీసి కత్తిపీటకు బిగించుకున్నాడు. ఇంకోసారి రోహిణీ కార్తెలో ఉన్ని కోట్లు దిగాయి, మోకాళ్ళ దాకా, ఒక్కొక్కటి పసిపిల్లంత బరువు. నేను నవ్వుకున్నాను గానీ పాలెం మగవాళ్ళు నవ్వలేదు. తెల్లారి సముద్రం మీద చలి వాళ్ళకు తెలుసు. కింద గోచీ, పైన గుండీల కోటు, చేతిలో తెడ్డు. తెప్పలన్నీ ఒడ్డుకొస్తుంటే సీమ కోర్టు లాయర్లందరూ వేటకెళ్ళి వస్తున్నట్టుండేది.

గంగమ్మ కోరిక

పాలెం పెద్దను అక్కడ పెద్దకాపు అంటారు. పేరు పోలయ్య. ఆయన కోడలు గంగమ్మ. గంగమ్మకు రెండు కాన్పులు ఇంట్లోనే అయ్యాయి, రెండుసార్లూ బిడ్డ అడ్డం తిరిగి లోపలే పోయింది. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు నేను వాళ్ళింటికి ఎన్నిసార్లు తిరిగానో! మా అరుగు మీద కూర్చుని ఆ పిల్ల ఒకరోజు, "నర్సమ్మా, ఇద్దర్ని కన్నా, ఒక్కరి ఏడుపూ వినలా. ఈసారి బిడ్డ ఏడుపు వినాల నేను. అంతకన్నా ఏం వద్దు" అంది. నొప్పులు మొదలుకాగానే ఆస్పత్రికి తెస్తానని పోలయ్య నాకు మాటిచ్చాడు. మందుల మీదా డాక్టర్ల మీదా నమ్మకం లేని మనిషి, కోడలి మొహం చూసి ఒప్పుకున్నాడు. ఆ ఊళ్ళో నేను సాధించింది ఏదన్నా ఉంటే, అప్పటికి అదొక్కటే.

దాన్ని నేనే చెడగొట్టుకున్నాను. ఎట్లాగో చెప్తాను.

ఏడు ప్రశ్నలు

గట్టిగా అరిచినవాడికే పాలపొడి దక్కుతోందని దొరసానిగారికి బెంగ పట్టుకుంది. నిజమైన బీదలెవరో తేల్చమని పెట్టెలు పంపేవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం కూడా వచ్చింది. దాంతో దొరగారు ఏడు ప్రశ్నలతో ఒక కాగితం తయారు చేశారు. భూమి ఉందా? పశువులున్నాయా? ఇల్లు సొంతమా? అన్నదమ్ములు దగ్గరున్నారా? బట్టలు తామే కొనుక్కుంటారా? తిండి తామే సంపాదించుకుంటారా? ఆపద వస్తే పరుగెత్తుకొచ్చే చుట్టాలున్నారా? అయిదింటికి 'లేదు' అంటే బీద. ఆ కాగితాల కట్ట చంకన పెట్టుకుని నేను పాలెంలోకి వెళ్ళాను.

ఒక్క బీదవాడు దొరికితే ఒట్టు! భూమి ఉందా అంటే సముద్రం చూపించారు. పశువులున్నాయా అంటే, "కోళ్ళు లెక్కకొస్తాయా?" అన్నారు. ఇల్లు సొంతమా అంటే, "మరి ఎవురిది, నీదా?" అని ఒక ముసలమ్మ నా మీదికే వచ్చింది. చుట్టాలున్నారా అన్న ప్రశ్నకు పాలెం మొత్తం పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. విసుగొచ్చి పోలయ్య ముందు కూలబడ్డాను.

"అన్నా, మీ పాలెంలో బీదోళ్ళే లేరా?"

"లేరు" అన్నాడు పోలయ్య, వల కుట్టుకుంటూ. "వేటకు పొయ్యే మగమనిషి లేని ఇండ్లు నాలుగుండాయి. వాళ్ళకు వంతు పెడతాం. వాళ్ళు బీదోళ్ళెట్టయితారు?"

వంతు అంటే ఇదీ సంగతి. తెప్పలు ఒడ్డుకు రాగానే, బేరగాళ్ళు గంప ముట్టుకోకముందే, దిక్కులేని ఇళ్ళ కోసం కొన్ని చేపలు పక్కన పెడతారు. అది దానం కాదు, దయా కాదు. వల ఎట్లాగో, తెడ్డు ఎట్లాగో అదీ అంతే. నాలుగేళ్ళ నుంచి అక్కడుంటున్నా నేను ఆ గంపను చూశాను గానీ అదేమిటని అడగలేదు.

"నీ కాయితంలో ఏముందో చదువు మళ్ళా" అన్నాడు పోలయ్య. చదివాను. ఆయన వల పక్కన పెట్టి, "సరే, మీ దొరకు భూమి ఉందా?" అన్నాడు.

"లేదు. అంతా మిషనుది."

"గొడ్డూ గోదా?"

"లేవు. పాలు డబ్బాలో వస్తాయి."

చుట్టూ చేరిన ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. "ఇల్లు?" అన్నాడు పోలయ్య.

"అదీ మిషనుదే."

"అన్నదమ్ములు?"

"ఉన్నారు గానీ సముద్రాల అవతల."

"బట్టలు?"

"పెట్టెల్లో వస్తాయి. ఎవరో తొడుక్కుని ఇచ్చినవి."

"తిండి ఆయనే సంపాదిస్తాడా?"

"వాళ్ళ దేశంలో వాళ్ళకు ఉత్తరాలు రాస్తారు, వాళ్ళు పంపిస్తారు."

"అడుక్కుంటాడని చెప్పు" అంది గంగమ్మ అత్త, జాలిగా. "ఆ దొరసాని పురిట్లో ఉన్నప్పుడు పుట్టింటోళ్ళన్నా వచ్చినారా మే?"

"ఎవరూ రాలేదటక్కా."

"అయ్యో తల్లీ!" అంటూ ఇద్దరు ముగ్గురు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఏడింటికి ఏడు 'లేదు'లు! నేను పడీపడీ నవ్వి, ఆ సరదాలో ఒక కాగితం తీసి ఏడు గళ్ళలోనూ 'లేదు' రాసి, ఇంటిపేరు ఉండాల్సిన చోట 'బంగళా' అని పెట్టాను. కాగితాలన్నీ తెచ్చి ఆఫీసు బల్ల మీద పడేశాను. పోలయ్య నవ్వలేదన్న సంగతి నాకప్పుడు పట్టలేదు. నా మొదటి తప్పు అదీ.

గంప తిరిగెళ్ళింది

మరునాడు పొద్దున బంగళా మెట్ల మీద తాటాకు గంప, అందులో మెరిసిపోతూ కానాగంత చేపలు. దొరసానిగారు సంబరపడిపోయారు. మూడో రోజుకు దొరగారికి అనుమానం వచ్చింది. "దయామణీ, వీరు దినదినము మనకు మత్స్యములు ఎందుకు పంపుచున్నారు?" అని నన్ను అడిగారు.

రెండో తప్పు ఇక్కడ చేశాను. ఏదో వేళాకోళం చెప్తున్నట్టు నవ్వుతూ చెప్పాను, పాలెం వాళ్ళు మిమ్మల్ని దిక్కులేని ఇళ్ళ లెక్కలో వేశారని. నొచ్చుకునే మాట నవ్వుతూ చెప్తే అవతలివాడి అభిమానం లోపలే కాలుతుందని నాకప్పటికి తెలియదు. దొరగారి చెవులు ఎర్రబడ్డాయి. "మేము ఇచ్చుటకు వచ్చియున్నాము, పుచ్చుకొనుటకు కాదు" అన్నారు. ఆ గంపలోనే, చేపల పక్కన ఒక పాలపొడి డబ్బా పెట్టి, యేసుదాసు చేత తిప్పి పంపించారు. నేనూ చూస్తూ ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆయన చేసింది నాకు నచ్చింది. ఒకళ్ళ చేపలు మనకెందుకు అనుకున్నాను.

సాయంత్రానికి పాలెంలో పెద్దలు కూర్చున్నారు. 'ఇది చెయ్యగూడదు' అని వాళ్ళు కట్టే కట్టుబాటును దురాయి అంటారు. పోలీసుకు ఎదురు తిరిగినవాళ్ళను అక్కడ చూశాను గానీ దురాయి దాటినవాణ్ణి చూడలేదు. నేను పరుగున వెళ్తే పోలయ్య కోపం కూడా పడలేదు, అదే నాకు భయం వేసింది.

"మా వంతు తిప్పి పంపినోడు, మీ చావుకూ పుటకకూ నేను రానని చెప్పినట్టు నర్సమ్మా. అది ఇక్కడి లెక్క. రానన్నోడి గడప మేం తొక్కం. ఆయన మందూ వద్దు, పొడీ వద్దు."

"మరి గంగమ్మ?" అన్నాను.

పోలయ్య తల దించుకున్నాడు. "నా ఇంటికో దురాయి, ఊరికో దురాయా?" అన్నాడు.

ఆ తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే సిగ్గూ వేస్తుంది. దొరగారు రోజూ ఎనిమిదింటికల్లా స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని కూర్చునేవారు. పది మంచాలూ ఖాళీ. ఆస్పత్రిలో ఒకే ఒక్క రోగి యేసుదాసు. అతని అరికాల్లో ఆనె ఉంది. పని లేని దొరగారు దాన్ని రోజుకు రెండుసార్లు పరీక్ష చేసి, గుండె కూడా విని, చీటీ రాసేవారు. ఆనె ఉన్నవాడికి గుండె ఎందుకు వింటున్నారో తెలియక యేసుదాసు చావుకు సిద్ధపడ్డాడు. దొరసానిగారు అలవాటు కొద్దీ నలభై మందికి పాలు కలిపేవారు. ఆ పాలు మేమూ, పిల్లీ తాగలేక చచ్చాం. రూతు మాత్రం రోజూ పాలెం వెళ్ళి చేపల పులుసుతో అన్నం తిని వచ్చేది. ఊరి ఆడబిడ్డకు దురాయి లేదట.

నేను రోజూ సాయంత్రం దొరగారికి నచ్చజెప్పాలని చూసేదాన్ని. "విరోధము వారు పెట్టుకొనిరి" అనేవారాయన. ఆయన చెడ్డ యజమాని కాదు. నేను చూసిన డాక్టర్లలో ఆయనంత కష్టపడేవాడు లేడు. కానీ ఇవ్వడం అలవాటైన మనిషికి మెడ ఒకపక్కకే తిరుగుతుంది. మీకు పైన ఇట్లాంటి వాళ్ళు దొరుకుతారు, మీరు కూడా ఇట్లాగే తయారవుతారు. జాగ్రత్త.

నీకు దిక్కెవరు?

తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం రూతు రొప్పుతూ వచ్చింది. "దయామణక్కా, గంగమ్మక్క పొద్దుట్నించీ మూలగతా ఉండాది. అందరూ ఏడస్తా ఉండారు. నువ్వు రా!"

వెళ్ళాను. దురాయి ఆస్పత్రి గడపకే గానీ నా కాళ్ళకు కాదు కనుక నన్ను ఎవరూ ఆపలేదు. చెయ్యి పెట్టి చూశాను. బిడ్డ మళ్ళీ అడ్డం తిరిగింది. కడుపు మీద చెవి పెట్టాను, గుండె కొట్టుకుంటోంది. కొయ్యకపోతే సాయంత్రానికి తల్లి కూడా దక్కదు. గంగమ్మ నా మణికట్టు పట్టుకుని, "ఏడస్తదా నర్సమ్మా? ఈసారన్నా ఏడస్తదా?" అంది.

బయటికొచ్చి పోలయ్య మీద పడ్డాను. "నీ కోడలు చచ్చిపోతుందన్నా! నీ దురాయి నిప్పుల్లో పెట్టా!" ఆయన లేచి ఒడ్డు వైపు చెయ్యి చూపించాడు. "దొర వంతు తీసుకుంటే దురాయి ఆ నిమిషమే పోద్ది. తెప్పలు ఇప్పుడే వచ్చినాయి. పో, పిలుచుకో" అన్నాడు. ఆ మనిషి దొర వస్తాడేమోనని పొద్దుటి నుంచీ బంగళా వైపే చూస్తూ కూర్చున్నాడని గంగమ్మ అత్త తర్వాత చెప్పింది.

దొరగారు విన్నారు. లేచి, మనమే వెళ్ళి ఆమెను ఎత్తుకొద్దాం అన్నారు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. "ఎవరు మోస్తారు దొరగారూ, మీరా, ఆనె కాలు యేసుదాసా? ఊరంతా అడ్డం నిలబడితే ఏం చేస్తారు? రెండు చేపలు చేత్తో పుచ్చుకోలేరా? మీ చెయ్యి ఎప్పుడూ పైనే ఉండాలా? ఒక్కసారి కింద పెడితే మీ దేవుడు కోప్పడతాడా?" అనేశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన తెల్లబోయి చూశారు. దొరసానిగారు వంటింట్లోకి వెళ్ళి ఖాళీ గంప తెచ్చి మొగుడి చేతిలో పెట్టి, ఆయన టోపీ తీసి ఆయన నెత్తిన పెట్టారు.

కొత్తవాళ్ళకని మొదట గంప గడపకే పంపినా, వంతు తీసుకునే అసలు పద్ధతి ఒకటుంది. దిక్కులేని ఇళ్ళవాళ్ళు ఇసకలో వరసగా కూర్చోవాలి. పెద్దకాపు ఒక్కొక్కరినీ "నీకు దిక్కెవరు?" అని అడుగుతాడు. "పాలెమే దిక్కు" అనాలి. అప్పుడు చేప చేతిలో పడుతుంది. మా దొరగారు ముగ్గురు ముసలమ్మలకూ ఒక కుంటివాడికీ పక్కన, ఆరడుగుల మనిషి, ఇసకలో బాసింపట్టు వేసుకుని, చెయ్యి చాపి కూర్చున్నారు.

"నీకు దిక్కెవరు?" అన్నాడు పోలయ్య.

"నాకు దిక్కు దేవుడు" అన్నారు దొరగారు.

నా నెత్తి బాదుకున్నాను. గుడిసెలోంచి గంగమ్మ కేక వినిపిస్తోంది, ఇక్కడ ఇద్దరు పెద్దమనుషులకు వేదాంతం కావాల్సి వచ్చింది! పోలయ్య చేపలు పట్టుకుని ముందుకు వంగాడు. "దేవుడు అందరికీ దిక్కే దొరా. నాకూ దిక్కే, ఈ చేపకూ దిక్కే. నేను అడగతా ఉండేది ఈ పూట సంగతి. నోరు తెరిచి చెప్పు సామీ."

దొరగారు గుడిసె వైపు చూశారు. టోపీ తీశారు. "ఈ పూటకు... పాలెమే నాకు దిక్కయి యున్నది" అన్నారు.

రెండు కానాగంతలు ఆయన చేతిలో పడ్డాయో లేదో, దురాయి పోయింది. మోయడానికి మంచం గుడిసె గుమ్మంలో పట్టలేదు. ఒడ్డున ఆరేసిన ఉన్ని కోట్లు రెండు లాగి, గుండీలు పెట్టి, చేతుల్లోంచి రెండు గెడలు దూర్చాను. బడిలో నేర్పిన విద్యే, చేతికి పని వచ్చింది అప్పుడే. గంగమ్మను దాని మీద పడుకోబెట్టి, కోట్లు తొడుక్కున్న నలుగురు మగవాళ్ళు ఇసకలో పరుగెత్తారు. వాళ్ళ ముందు మా దొరగారు ఒక చేత్తో టోపీ, ఒక చేత్తో చేపలు పట్టుకుని పరుగెత్తారు. ఆపరేషను గది తలుపు దగ్గర ఆ చేపల్ని ఎక్కడ పెట్టాలో తెలియక నాకివ్వబోయారు. "రూతుకివ్వండి దొరగారూ!" అని అరిచాను.

ఆయన తొట్రుపడకుండా కోశారు. ఆడపిల్ల. బయటికి తీశాక కాసేపు చప్పుడు లేదు. కాళ్ళు పట్టి, వీపు తట్టి, నోట్లోది లాగేశాను. అప్పుడు ఏడ్చింది చూడండి, బయట ఇసకలో కూర్చున్న పాలెమంతా ఓహో అని లేచి నిలబడింది. గంగమ్మ మత్తులో ఉంది. మెలకువ వచ్చేసరికి పిల్ల నిద్రపోతోంది. "ఏడ్చిందా?" అంది. ఏడ్చిందని ఊరంతా చెప్పినా నమ్మలేదు. చివరికి ఆ పిల్ల పాదం మీద నేనే చిన్నగా గిల్లాను. నర్సులు చెయ్యగూడని పని. ఆ ఏడుపు వింటూ గంగమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

పెట్టెలో కోటు

ఆ తర్వాత దొరగారు రోజూ వంతు పుచ్చుకున్నారు. ఆరేడు నెలలకు ఒక పెట్టె వచ్చింది. నేను సరదాకు రాసిన కాగితం మిగతావాటితో కలిసి సముద్రం దాటిపోయిందట. 'బంగళా' అన్నది ఎవరో నిర్భాగ్యుడి పేరనుకుని, ఏడు 'లేదు'లు చూసి అక్కడి ఒక చర్చివాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుని, ఆ కుటుంబానికి ప్రత్యేకంగా ఒక ఉన్ని కోటు పంపారు. దొరగారు పెట్టెలోని ఉత్తరం చదివారు. తర్వాత కోటు తొడుక్కుని పాలెంలోకి వెళ్ళి అందరికీ చూపించి వచ్చారు. ఆయన అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

అరవైల చివర్లో వాళ్ళు వెళ్ళిపోయారు. బండి దగ్గర పోలయ్య, "అక్కడ మీకు వంతు పెట్టేవాళ్ళుండారా దొరా?" అని అడిగాడు. దొరగారు ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు.

నేను అక్కడే ఉండిపోయాను. పెళ్ళి చేసుకోలేదు, నాకెవరూ లేరు. నేను పని మానిన మరునాడు పొద్దున తలుపు తీస్తే మెట్టు మీద తాటాకు గంప ఉంది. పక్కన గంగమ్మ కూతురు నిలబడి ఉంది. ఆనాడు ఏడ్చిన పిల్లే, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. నాకు కోవూరు పొలంలో మా అమ్మ నడుము కళ్ళ ముందు మెదిలింది. దొరగారి మీద అంత నోరు చేసుకున్నదాన్ని, "నాకు పెన్షను వస్తుందమ్మా, తీసుకెళ్ళు" అన్నాను.

ఆ పిల్ల కదల్లేదు. "నీ పెన్షను సంగతి ఎవరడిగినారు పెద్దమ్మా? నీకు దిక్కెవరు, అది చెప్పు" అంది.

గడప మీద కూర్చున్నాను. ఆ పిల్ల తొందర పెట్టలేదు, గంప పట్టుకుని ఎండలో అట్లాగే నిలబడింది. చివరికి చెప్పి చెయ్యి చాపాను. ఆ రోజు నెత్తళ్ళు వచ్చాయి, పులుసు పెట్టుకున్నాను.